సైన్స్ చదివినా సృష్టి కథనే ఎందుకు నమ్ముతాం? తరచుగా అడిగే ప్రశ్నలు

కడప జిల్లాలో ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయని చెప్పే పరిణామం పాఠం వచ్చిన ప్రతి ఏడూ అవే ప్రశ్నలు వస్తాయి. పిల్లలు క్లాసులో అడుగుతారు, తల్లిదండ్రులు మీటింగ్ అయిపోయాక పక్కకు పిలిచి అడుగుతారు, తోటి టీచర్లు స్టాఫ్‌రూంలో టీ తాగుతూ అడుగుతారు. ఎవరినీ తక్కువ చేయకుండా, నాకు తెలిసింది దాచకుండా ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పరిణామం నిజమని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కథలంటే కూడా నాకు ప్రాణం.

జనం నిజంగానే సైన్స్‌ను కాదని సృష్టి కథను ఎంచుకుంటున్నారా?

ఎంచుకోవాలంటే రెండూ ఒకేసారి ముందు పెట్టి, ఏది కావాలని అడగాలి. అలా ఎవరికీ జరగదు. కథ మూడేళ్ల వయసులో అన్నం ముద్దతో పాటు వస్తుంది. సైన్స్ పద్నాలుగేళ్లకు, బెల్లుకీ బెల్లుకీ మధ్య ముప్పావుగంటలో వస్తుంది.

మా జేజి, అంటే మా అవ్వ, వరాహావతారం ఎలా చెప్పేదో ఇప్పటికీ గుర్తుంది. హిరణ్యాక్షుడు భూమిని చాప చుట్టినట్టు చుట్టి చంకన పెట్టుకుని సముద్రంలోకి పోయాడంటూ తన కింద ఉన్న ఈతచాప అంచు పట్టుకుని నిజంగానే చుట్టేది. మేము పక్కకు దొర్లేవాళ్లం. ఆ తర్వాత స్వామి పంది రూపంలో మునిగి, కోరల మీద భూమిని పైకెత్తాడని చెబుతూ రెండు చేతులూ పైకి లేపేది. ఆ కథ నేను వినడమే కాదు, అందులోంచి కింద పడి లేచాను కూడా.

మొన్న శ్రావణ మాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పంతులుగారు సంకల్పం చెప్పిస్తుంటే ఈసారి శ్రద్ధగా విన్నాను. 'ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే' అంటూ మొదలైంది. అంటే బ్రహ్మ వయసులో సగం గడిచింది, ఇప్పుడు నడుస్తున్నది వరాహస్వామి పేరున్న కల్పం. ఆ తర్వాత జంబూద్వీపం, భరతఖండం, మేరువుకు దక్షిణం. ఆ తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కు అన్నది. మాది కడప కాబట్టి దక్షిణం. తర్వాత సంవత్సరం, మాసం, తిథి, వారం. చివరికి నా గోత్రం, నా పేరు, నా భార్య పేరు, పిల్లల పేర్లు. విశ్వం మొదలైన దగ్గర ఎత్తుకుని, రెండు నిమిషాల్లో మా ఇంటి హాల్లో పీట మీద దించింది.

మా పాఠం కూడా అక్కడే మొదలవుతుంది. 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం, 454 కోట్ల ఏళ్ల కిందట భూమి. ముగిసేది మాత్రం 'ఇది రెండు మార్కుల ప్రశ్న, అండర్‌లైన్ చేసుకోండి' అన్న చోట. కథలో పిల్లవాడి పేరుంది, పాఠంలో లేదు. జనం సైన్స్‌ను కాదన్నారని నేను అనుకోను. మేమే దాన్ని వాళ్ల ఇంటిదాకా తీసుకెళ్లలేదు.

కథ మనసులో అంత గట్టిగా ఎందుకు నాటుకుంటుంది? పెంపకం వల్లేనా?

పెంపకం ఒక్కటే కాదు, మెదడు తీరు కూడా. బోస్టన్ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డెబొరా కెలెమెన్ చిన్నపిల్లలను మొనదేలిన రాళ్లు అలా ఎందుకు ఉన్నాయని అడిగారు. రాతి పొరలు అలా పేరుకున్నాయన్న జవాబు పిల్లలకు నచ్చలేదు. జంతువులు మీద కూర్చుని విరగ్గొట్టకుండా ఉండటానికి, దురద పెడితే గోక్కోవడానికి అన్న జవాబులు నచ్చాయి. మబ్బులు వాన కురవడానికే, చెట్లు నీడ ఇవ్వడానికే అనుకోవడం పసి మనసు సహజ గుణం. ప్రతిదానికీ ఒక పని ఉంటే, ఆ పని అప్పజెప్పినవాడు కూడా ఉండాలి కదా అన్న ఆలోచన వెంటనే వస్తుంది.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి వేరే ఉంది. ఆమె బృందం 2013లో అమెరికాలోని పెద్ద యూనివర్సిటీల భౌతిక, రసాయన, భూగర్భ శాస్త్రవేత్తలకు ఇలాంటి వాక్యాలే ఇచ్చి, గబగబా జవాబు చెప్పమంది. ఆలోచించుకునే వ్యవధి లేకపోయేసరికి వాళ్లు కూడా, ఎంతో చదివి కూడా, తీరిగ్గా ఉన్నప్పటి కంటే ఎక్కువగా 'ఫలానా దాని కోసమే' అన్న వాక్యాలకు సరేనన్నారు. పాత భావం చెరిగిపోదు. చదువు దాని మీద ఒక దుప్పటి కప్పుతుంది, తొందరలో ఆ దుప్పటి పక్కకు జరుగుతుంది. పిల్లవాడు పదో తరగతిలో కూడా 'జంతువులు పీల్చుకోవాలని చెట్లు ఆక్సిజన్ వదులుతాయి' అని రాస్తే ఇప్పుడు నాకు కోపం రాదు.

మన భాషకు ఇందులో పాత్ర ఉందా?

చాలా ఉంది. ప్రకృతి అనాల్సిన చోట మనం సృష్టి అంటాం. 'సృష్టిలో ఎన్ని వింతలో' అన్న మాటలోనే సృష్టించినవాడు ఉన్నాడు. నారు పోసినవాడు నీరు పోయడా అంటాం, నుదుటి రాత అంటాం. ఇవి తీసేయమని నేను చెప్పడం లేదు, తీసేస్తే తెలుగే మిగలదు. టీచర్‌కు ఈ సంగతి తెలిసి ఉండాలి, అంతే.

పాఠ్యపుస్తకాల మాటలతో ఇంకో చిక్కు. 'ప్రకృతి వరణం' అంటే వరించేవాడు ఎవరు సార్ అని ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఎవరూ వరించరు. బతికి పిల్లలను కన్నవాటి గుణాలు మిగులుతాయి, లేనివి పోతాయి. 'పరిణామం' అంటే పేపర్లో రాజకీయ పరిణామాలే గుర్తొస్తాయి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది 'సిద్ధాంతం' అన్న మాటతో. మనకు అద్వైత సిద్ధాంతం ఉంది, ద్వైత సిద్ధాంతం ఉంది, పంచాంగం రాసే సిద్ధాంతిగారు ఉన్నారు. పరిణామ సిద్ధాంతం అనగానే వినేవాళ్లకు అది ఇంకో మతంలా తోస్తుంది. 'మీది ఒక సిద్ధాంతం, మాది ఒక సిద్ధాంతం' అని ఒక తండ్రి నాతో ఎంతో మర్యాదగా అన్నాడు. ఆయన తప్పు లేదు, మాట అలా ఉంది. సైన్స్‌లో సిద్ధాంతం అంటే లెక్కలేనన్ని పరీక్షలకు నిలిచిన వివరణ అనీ, రేపు గట్టి సాక్ష్యం ఎదురొస్తే దాన్ని మార్చుకోక తప్పదనీ ఆయనకు చెప్పాను.

ఒక కల్పం 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్లు. మనవాళ్లకు ముందే తెలుసని ఇది రుజువు కాదా?

అంత పెద్ద కాలాన్ని ఊహించగలిగారే, ఆ ధైర్యానికి దండం పెట్టాలి. 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ అషర్ బైబిల్ లెక్కగట్టి సృష్టి క్రీస్తు పూర్వం 4004లో జరిగిందని తేల్చిన సంగతితో పోల్చి చూస్తే, మన పురాణకారుల ఊహ ఎంత విశాలమో తెలుస్తుంది.

కానీ లెక్కను చివరిదాకా చూడాలి. 432 కోట్లు బ్రహ్మకు ఒక పగటి పూర్తి నిడివి. అదే లెక్క ప్రకారం ఈ కల్పంలో ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్లే. భూమి వయసుతో పోల్చాల్సింది దీన్ని, అప్పుడు పొంతన కుదరదు. 43 లక్షల 20 వేల ఏళ్ల మహాయుగాన్ని వెయ్యితో హెచ్చిస్తే వచ్చిన సంఖ్య అది. భూమి వయసు వేరే దారిలో తెలిసింది. యురేనియం ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతుంది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ భూమితో పాటే పుట్టిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్లు అన్నారు. కొలిచి చెప్పిన అంకె కాబట్టి ఎవరైనా మళ్లీ కొలిచి చూడొచ్చు.

దశావతారాలే పరిణామ సిద్ధాంతం కదా? చేప, తాబేలు, పంది, తర్వాత మనిషి?

నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు వాళ్ల కళ్లలో ఒక వెలుగు ఉంటుంది. రెండూ ఒకటే అయితే ఏదీ వదులుకోనక్కర్లేదన్న సంతోషం అది.

ఈ పోలిక మన తాతముత్తాతల కాలం నుంచి వస్తున్నది కాదు. పరిణామాన్ని వివరించిన డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. దశావతారాలను దానితో పోల్చి 1877లో రాసింది దివ్యజ్ఞాన సమాజం స్థాపించినవారిలో ఒకరైన బ్లావట్‌స్కీ. ఆ తర్వాత అయిదేళ్లకు బెంగాల్‌లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవ చంద్ర సేన్ అదే మాట అన్నారు. డార్విన్ చెప్పాక వెనక్కి తిరిగి మన కథలో వెతుక్కున్నాం.

ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఆ వరసలో వెన్నెముక ఉన్న జీవుల చరిత్ర లీలగా కనిపిస్తుందన్నారు. ఆయన గురించి మన పిల్లలకు చెప్పాల్సింది ఇంకా ఉంది. ఇంగ్లండ్ వదిలి 1957లో ఇండియాకు వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుల్లో ఒకరు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన ముందే కోరుకున్నట్టు దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఇరవయ్యో శతాబ్దపు పరిణామ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరి దేహం మన తెలుగు విద్యార్థులకు పాఠమైంది.

అయితే హాల్డేన్ చూసింది పోలికను. పోలిక వేరు, వివరణ వేరు. మత్స్యం కూర్మానికి తల్లి కాదు. ఒకే స్వామి వేర్వేరు అవసరాలకు వేర్వేరు రూపాలు ఎత్తడం కథ సారం. ఒక జీవి సంతానంలో చిన్న చిన్న తేడాలు తరతరాలుగా పేరుకుని ఇంకో జీవి కావడం పరిణామం సారం. పైగా వరస కూడా ఒకటే కాదు. భాగవతం ప్రథమ స్కంధంలో ఇరవై రెండు అవతారాలు చెబుతూ వరాహాన్ని రెండోదిగా, మత్స్యాన్ని పదోదిగా లెక్కపెట్టారు.

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ డార్విన్ కంటే దశావతారాలదే మెరుగైన సిద్ధాంతం అన్నారు. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా బాధ కలిగింది. అంత పెద్ద చదువుల గుడికి పెద్ద అలా అంటే, మారుమూల స్కూల్లో నేను చెప్పే పాఠానికి ఏం విలువ? కథకు కూడా అది మేలు చేయదు. వరాహస్వామికి డార్విన్ సర్టిఫికెట్ అవసరం లేదు.

కథ తప్పని తేలినా జనం ఎందుకు వదులుకోరు?

కొన్ని కథలు భూమి ఎలా పుట్టిందో చెప్పడానికి పుట్టలేదు. మేమెవరం, మా స్థానం ఏమిటి అని చెప్పడానికి పుట్టాయి.

మాదిగల జాంబ పురాణమే తీసుకోండి. చిందు కళాకారులు రాత్రంతా ఆడి చెప్పే కథ. నేల పుట్టకముందే, ఆరు నెలల ముందే, ఆది జాంబవుడు పుట్టాడు అంటారు. ఆ ఒక్క వాక్యం బరువు ఎంతో ఆలోచించండి. ఊరికి అవతల ఉంచి, బావిలో నీళ్లు తోడుకోనివ్వకుండా, చెప్పులు చేతపట్టుకుని నడవమన్న సమాజం ముందు నిలబడి 'మీ భూమి కంటే మా తాత పెద్దవాడు' అని చెప్పడం అది. ఋగ్వేదంలోని పురుష సూక్తం ఒకరిని ముఖం నుంచి, ఇంకొకరిని పాదాల నుంచి పుట్టించింది. జాంబ పురాణం దానికి ఎదురు నిలిచి జవాబు చెప్పింది. ఇలాంటి కథ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, భూమి కంటే ముందు మనిషి పుట్టడం శాస్త్రీయంగా అసాధ్యం అని చెబితే, వాళ్లకు వినపడేది సైన్స్ కాదు. మళ్లీ కూర్చోమంటున్న పాత గొంతు వినపడుతుంది.

ఆదిలాబాద్ గోండులకూ ఇలాంటిదే ఉంది. గుహలో బందీలైన తమ మూల దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించి, గోత్రాలుగా కట్టి ధర్మం నేర్పిన కథను వాళ్ల సంప్రదాయ గాయకులైన ప్రధాన్‌లు కీక్రీ అనే తీగ వాయిద్యం వాయిస్తూ పాడతారు. ఎవరు ఎవరిని పెళ్లాడాలో, ఏ పూజ ఎవరిదో ఆ కథే చెబుతుంది. అది పోతే ఒక వివరణ కాదు, ఒక రాజ్యాంగం పోతుంది.

ఇది మన దగ్గరే కాదు. 2012లో అమెరికాలో ఒక సర్వే చేశారు. 'మనుషులు పూర్వపు జంతు జాతుల నుంచి పరిణామం చెందారు' అన్న వాక్యం నిజమా అంటే 48 శాతం అవునన్నారు. అదే వాక్యానికి ముందు 'పరిణామ సిద్ధాంతం ప్రకారం' అని చేర్చి ఇంకొందరిని అడిగితే 72 శాతం అవునన్నారు. సైన్స్ ఏం చెబుతోందో వాళ్లకు తెలుసు. తెలిసి కూడా, 'నువ్వు ఎవరి వైపు' అని అడిగినట్టు అనిపించినప్పుడు తమ వాళ్ల వైపు నిలబడ్డారు. పాఠం ఎంత బాగా చెప్పినా ఈ తెర తొలగకపోతే లోపలికి వెళ్లదు.

సైన్స్ ఇవ్వగల గౌరవం కూడా ఉందని నా నమ్మకం. హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009 నాటి పరిశోధనలో, మన దేశంలో దాదాపు అన్ని సమూహాల్లోనూ రెండు ప్రాచీన జనాల కలయిక కనిపించింది. పాళ్లు వేరు, కలయిక అందరిదీ. ముఖం నుంచి పుట్టినవాళ్లు లేరు, పాదాల నుంచి పుట్టినవాళ్లూ లేరు. ఈ మాట క్లాసులో చెప్పిన రోజు వెనక బెంచీల పిల్లలు నిటారుగా కూర్చుంటారు. నేను కళ్లారా చూస్తున్నాను.

క్రైస్తవ, ముస్లిం కుటుంబాల్లో ఎలా ఉంటుంది?

ఆదికాండములో ఆరు రోజుల సృష్టి, మట్టితో చేసిన ఆదాము, హవ్వ. అది అక్షరాలా నిజమని బోధించే సంఘాల్లో పెరిగిన పిల్లలకు మా పాఠం ఎక్కువ టెన్షన్ పెడుతుంది. ఒక అబ్బాయి జవాబు పూర్తిగా రాసి కింద 'కానీ నేను దీన్ని నమ్మను' అని రాశాడు. ఆ నిజాయితీకి నేను మార్కు తగ్గించలేదు. క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు. 1996లో పోప్ రెండో జాన్‌పాల్ పరిణామాన్ని ఊహ స్థాయి దాటిన విషయంగా ఒప్పుకున్నారు. ముస్లింలలోనూ ఆదం సృష్టిని యథాతథంగా తీసుకునేవాళ్లు ఉన్నారు, మిగతా జీవుల వరకు పరిణామాన్ని ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. టర్కీ 2017లో హైస్కూలు సిలబస్ నుంచి పరిణామాన్ని తీసేసింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకో రకంగా ఎదురవుతుంది. 2024 గ్యాలప్ సర్వేలో 37 శాతం అమెరికన్లు దేవుడు మనిషిని ఇప్పుడున్న రూపంలోనే గత పది వేల ఏళ్లలో సృష్టించాడన్నారు. 1982లో వాళ్లు 44 శాతం.

మనిషి కోతి నుంచి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి?

మీరు మీ తాత నుంచి వచ్చారు. మరి మీ పెదనాన్న పిల్లలు ఇంకా ఎందుకున్నారు? చింపాంజీ మనకు తాత కాదు, పెదనాన్న కొడుకు వరస. 60, 70 లక్షల ఏళ్ల కిందట ఇద్దరికీ ఒకే తాత.

పరిణామం జరుగుతుండగా ఎవరైనా చూశారా?

2018లో ఒక కేంద్ర సహాయమంత్రి కూడా ఇదే అన్నారు. కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదనీ, డార్విన్ పాఠం మార్చాలనీ. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాయి.

నేను మాత్రం పత్తి రైతులను అడగమంటాను. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తి 2002లో వచ్చినప్పుడు కాయతొలుచు పురుగులు ఆకు కొరికి చచ్చేవి. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం మొదలుపెట్టింది. 2010 నాటికి గుజరాత్‌లో ఈ సంగతి బయటపడింది. రెండు విషాలున్న కొత్త రకం విత్తనాన్ని కూడా అది తర్వాత దాటింది. తెలంగాణలో, ఆంధ్రలో కాయ పగలగొడితే లోపల గులాబీ రంగు పురుగు కనపడని మండలం వెతకాల్సి వచ్చింది.

జరిగింది ఏమిటంటే, లక్షల పురుగుల్లో ఏ కొన్నిటికో పుట్టుకతోనే విషాన్ని తట్టుకునే గుణం ఉంది. మిగతావి చచ్చాయి, ఇవి బతికాయి, వీటి పిల్లలతో చేను నిండింది. పురుగు పట్టుదలతో నేర్చుకోలేదు, ఎవరూ దానికి నేర్పలేదు. ఈ సంగతి ముందే ఊహించారు కాబట్టే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ప్యాకెట్ ఇచ్చేవారు. చేను చుట్టూ అది వేస్తే మామూలు పురుగులు కూడా బతికి, తట్టుకునే వాటితో జతకట్టి, ఆ గుణాన్ని పలచన చేస్తాయని. చాలామంది ఆ చిన్న ప్యాకెట్ పక్కన పడేశారు. మా పక్క ఊరి రైతుకు ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. 'ఆ ప్యాకెట్ ఎందుకో అప్పుడెవరూ చెప్పలేదు సార్' అన్నాడు. పరిణామం తెలియకపోతే పరీక్షలో రెండు మార్కులే పోతాయని అనుకుంటాం. ఆయనకు పంటే పోయింది.

కోట్ల ఏళ్లను పిల్లలు ఎలా ఊహించగలరు?

అలిపిరి మెట్లు ఎక్కించండి. నేను ఎప్పుడూ ఇదే చేస్తాను.

అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. భూమి పుట్టుక మొదటి మెట్టు, ఈ రోజు ఆఖరి మెట్టు అనుకుంటే ఒక్కో మెట్టుకు దాదాపు 12 లక్షల 80 వేల ఏళ్లు. ఎనిమిది వందల మెట్లు ఎక్కేదాకా జీవం ఉందని గట్టి సాక్ష్యం లేదు. గాలిగోపురం చేరేసరికి కాళ్లు పట్టేస్తాయి, అక్కడికి కూడా ఉన్నది దాదాపు అంతా కంటికి కనపడనంత చిన్న జీవులే. ఇంకో 180 మెట్లు ఉన్నాయనగా డైనోసార్లు వస్తాయి, 52 మెట్లు ఉండగా వెళ్లిపోతాయి. చింపాంజీలకూ మనకూ ఉమ్మడి తాత ఆఖరి అయిదు మెట్లలో ఉన్నాడు. మనలాంటి మనుషులు 3 లక్షల ఏళ్ల కిందట వచ్చారు, అంటే చివరి మెట్టులో పావు భాగం. మెట్టు అడుగు వెడల్పు ఉంటే, రాత పుట్టిన అయిదు వేల ఏళ్లకు ఒక్క మిల్లీమీటరు పైచిలుకు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే అమ్మల వేలి బొట్టులో వేదాలు, బైబిల్, నన్నయ, స్మార్ట్‌ఫోన్ అన్నీ ఇమిడిపోతాయి.

అదే కొండ ఘాట్ రోడ్డులో రాళ్లను చూడండి. అడుగున గ్రానైట్ జాతి రాయి, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. రెండూ కలిసే గీత దగ్గర పదుల కోట్ల ఏళ్ల చరిత్ర ఖాళీ. అంతకాలం రాయి అరిగిపోతూ ఉంది, కొత్తది పేరుకోలేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని, పైన శిలాతోరణాన్ని కూడా జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించింది. మనం గోవిందా గోవిందా అంటూ ఆ గీతను దాటి, పైకి వెళ్లి, పుష్కరిణి ఒడ్డున ముందు వరాహస్వామిని దర్శించుకుంటాం. నీళ్లలోంచి భూమిని పైకెత్తిన స్వామి, ఆ నేల ఎంత పాతదో చెప్పే రాయి ఒకే కొండ మీద ఉన్నాయి.

డాక్టర్లు, ఇంజనీర్లు కూడా ఎందుకు నమ్మరు?

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లవాడు జీవశాస్త్రం పుస్తకం మళ్లీ ముట్టుకోడు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం భాగాన్ని తీసేసింది, పన్నెండులో ఉంచింది. ఆ పుస్తకాలు చదివి పదితో బయాలజీ వదిలేసేవాళ్లకు ఆ పాఠమే లేకుండా పోయింది. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని ఉత్తరం రాశారు. బైపీసీ వాళ్లకు పాఠం ఉంది, కానీ వాళ్లు దాన్ని నీట్ బిట్లుగా చదువుతారు. నాలుగు ఆప్షన్లలో సరైనది గుర్తుపట్టడానికి ఆ విషయాన్ని నమ్మనక్కర్లేదు.

దేవుణ్ణి నమ్ముతూ పరిణామాన్ని ఒప్పుకోవచ్చా?

ఎంతోమంది ఒప్పుకుంటున్నారు. పరిణామ శాస్త్రంలో మహామహుడు డోబ్‌జాన్‌స్కీ క్రైస్తవుడే. ఋగ్వేదంలోని మన నాసదీయ సూక్తం సృష్టి గురించి చెబుతూ, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో పైనున్నవాడికి తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో అని ఆగింది. అలా ఆగగలిగిన ఋషి నా క్లాసులో ఉంటే మొదటి బెంచీలో కూర్చోబెడతాను.

వెక్కిరిస్తే మారతారా?

మారరు. మా జేజిని వెక్కిరించినవాడి మాట నేను జన్మలో వినను.

మరి పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

రెండూ చెప్పండి, కలపకుండా చెప్పండి. ఇది మన పెద్దలు చెప్పుకున్న కథ, ఇది రాళ్లను, ఎముకలను కొలిచి తెలుసుకున్న సంగతి అని. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, దాని కింద నిలబెట్టండి. దాని పూర్తి పేరు 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్'లోనే మన తెలుగు ఊరి పేరుంది. దగ్గర్లో ఏది ఉంటే అది చూపించండి.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను బనగానపల్లె వైపు తీసుకెళ్లాను. జ్వాలాపురం దగ్గర నేల పొరల్లో తెల్లటి బూడిద ఉంటుంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది. ఆ పొర కిందా పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పిల్లలు బూడిదను వేళ్ల మధ్య నలిపి చూశారు, పౌడర్ లాగుంది సార్ అన్నారు. ఒక అమ్మాయి చిటికెడు కాగితంలో మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

సాయంత్రం యాగంటి వెళ్లాం. ఏటా పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని చెప్పుకునే బసవన్న చుట్టూ పిల్లలు ప్రదక్షిణ చేశారు. ఆ అమ్మాయి దండం పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"సార్, ఆ బూడిద పడిన రోజు బసవన్న ఉన్నాడా?"

"లేడమ్మా. ఈ కొండ ఉంది."

"మనుషులు?"

"ఉన్నారు. రాళ్లు చెక్కుకుంటూ."

కొండ వైపు చాలాసేపు చూసి, జామెట్రీ బాక్సు తెరిచి కాగితం మడత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.